బొంగరానికి ఇల్లు

దుమ్ముగాలి తగ్గినాక బస్సు కడగబోతే
వెనక చక్రం సందులోంచి ఒక ముక్కు.
ఒళ్లంతా దుమ్మే, ముక్కొక్కటే నలుపు.
నీళ్లు పడగానే పారిపోతుందనుకున్నా.
పైపునే కరిచింది.

మంగాఫ్‌లో మా రూముకి ఏడుగురం, ఒక కిటికీ.
ఎనిమిదోది వచ్చిన మూడు రోజుల్లో
ఓబులేసు ఎడమకాలి చెప్పు, మస్తాన్ వలీ చార్జరు వైరు,
నా డ్యూటీ కార్డు తాడు, రెండు పొట్లాల ఖుబూస్
అయిపోయినాయి.
తోక కోసం తన చుట్టూ తానే తిరిగి తిరిగి
గోడకు గుద్దుకొని, లేచి, మళ్లీ తిరిగేది.
బొంగరం అన్నాడు ఓబులేసు, చెప్పు పోయిన కోపంలోనే.
పేరు అట్లా పడింది.

బిల్డింగు హారిసు చూస్తే
దానితో పాటు మా పెట్టెలూ వీధిలోనే.
వారం గడువిచ్చినారు నాకు, ఆరుగురూ కలిసి.

మొదట వచ్చినాయనది పద్నాలుగో అంతస్తు.
భార్య ఫోటో తీసింది, కొడుకు ముద్దు పెట్టినాడు.
రెండో రాత్రికే ఫోను: "ఇది కూర్చోదేం?"
కూర్చోదు సార్, మూడు నెలల పిల్ల.
మీవాడు కూర్చున్నాడా ఆ వయసులో
అని అనలా. పోయి తెచ్చుకున్నా.
లిఫ్టులో పద్నాలుగు అంతస్తులూ నా మెడ నాకింది.

ఒక కుర్రోడు జాతి ఏదని అడిగినాడు.
బస్సు చక్రం జాతి అన్నా.

వఫ్రా నుంచి తోట యజమాని తెల్లబండిలో వచ్చినాడు.
నోరు తెరిచి పళ్లు చూసినాడు, కాళ్లు పిసికినాడు.
మొరుగుతుందా? మంచి గొలుసుంది నా దగ్గర, పొడుగుది.
ఎన్ని మీటర్లు అని అడిగినా.
రెండు అన్నాడు.

పదకొండేళ్ల కింద కడపలో, ఏజెంటు పంపిన చోట
నా పళ్లూ అట్లాగే చూసినారు.
దగ్గమన్నారు, పిడికిలి బిగించమన్నారు.
ఏం పని వచ్చునన్నారు.
దేనికి భయమని ఎవురూ అడగలా.
ఈ గడ్డ మీద దిగినప్పట్నుంచి
బండి దిగని మనిషికి నేను కాదన్నది లేదు.
ఆ పొద్దు అన్నా.
"లేదు బాబా, ఇవ్వను."
ఎవురన్నారా అని నేనే వెనక్కి చూసినా.

ఆరో రోజు. ఓబులేసు పాత బూట్లేసుకొని తిరుగుతా
నా మొహం చూడ్డం లేదు.

హనాన్ టీచరు నా బస్సులో నాలుగేళ్లుగా ముందు సీటు.
ఆటల టీచరు. సలాం తప్ప మాట లేదు మా మధ్య.
స్టీరింగు మీద నా చేతుల గీరలు చూసి ఏంటివి అంది.
నాకొచ్చిన అరబ్బీలో చెప్పినా, సగం సైగలతో.
సాయంత్రం వచ్చింది. ఎత్తుకోలా, పిలవలా.
పార్కింగు ఇసుకలో కూర్చుంది, అంతే.
బొంగరం ఆమె చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో,
బూటు లేసు పీకి, తెచ్చి నాకిచ్చి,
మళ్లీ రెండోదానికి పోయింది.

అప్పుడు అడగడం మొదలుపెట్టింది ఆమె:
ఏ వేళకి నిద్రపోతుంది? ఏ చప్పుడుకి దాక్కుంటుంది?
ఆకలైతే ఎట్లా చెబుతుంది?
నువ్వు డ్యూటీకి పోతే ఎంతసేపు తలుపు దగ్గరుంటుంది?
అన్నిటికీ జవాబుంది నా దగ్గర.
ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

నేనూ అడిగినా. ఎండాకాలం ఎట్లా, గొలుసుందా.
ఫింతాస్ స్టాపు నాకు తెలుసు, దాని వెనకే సముద్రమనీ తెలుసు.
తెలియంది, నాలుగింటికే లేచి
ఎండ రాకముందు ఆ ఒడ్డెంబడి ఆమె పరిగెత్తుతుందని,
కూడా పరిగెత్తేవాళ్లు ఎవురూ లేరని.

తీసుకుపో అనే మాట అరబ్బీలో నాకొచ్చు.
నోటికి తెలుగే వచ్చింది.
రాత్రిపూట ఏసీ మోటారుకు జడుసుకుంటాది,
చిన్న లైటన్నా ఉంచమ్మా.
అర్థమైందో లేదో, తలూపింది.

ఆ రాత్రి రూములో వైర్లు వైర్లుగానే ఉన్నాయి.
హమ్మయ్య అన్నవాడు లేడు.
ఓబులేసు కొత్త చెప్పులు అలవాటుగా బీరువా మీద పెట్టి
కాసేపున్నాక కిందికి దించినాడు.

పొద్దున ఆరుంపావు, ఫింతాస్ స్టాపు.
హనాన్ టీచరు ఎక్కింది. సలాం.
నల్లకోటు చేతి మీద గోధుమరంగు వెంట్రుక ఒకటి.
దులుపుకోమని చెప్పొచ్చు.
గేరు మార్చినా.